ఎడమ చేతి మర్యాద: ఫిదెలీనా సినిస్తెర్రా గారి పదవీ విరమణ వేళ

1989 మార్చి 6వ తేదీ, సోమవారం ఉదయం, బ్వెనవెంతూరా రేవులోని మన స్కౌట్ ప్రాంతీయ కార్యాలయంలో టైపిస్టుగా అడుగుపెట్టిన శ్రీమతి ఫిదెలీనా సినిస్తెర్రా గారు, ఈ ఏప్రిల్ నెలాఖరున ప్రాంతీయ సంచాలకురాలిగా పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో వారిని మనసారా అభినందించడం మనందరి కర్తవ్యం. శుభసందర్భం అని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నామే గానీ, గడచిన రెండు నెలలుగా ఆ ముఖంలో శుభం జాడ కనబడలేదన్న సంగతి కార్యాలయంలో ఎవరిని అడిగినా చెబుతారు. వారి దిగులంతా లా పియాంగ్వా దళం గురించి. నీటి మీద కర్రకాళ్ళపై నిలిచిన ఆ పేటలోని స్కౌట్ దళానికి ఇన్నేళ్ళూ బాధ్యులు వారే కాగా, పేటలో కాపురముండే పెద్దలెవరైనా ఆ బాధ్యతను స్వీకరిస్తే తప్ప, వారి విరమణతోపాటే దళాన్ని నిలిపివేయక తప్పదని కేంద్ర కార్యాలయం ఫిబ్రవరిలోనే తేల్చి చెప్పింది.

ఉద్యోగంలో చేరిన నాటికి స్కౌటు ఉద్యమం గురించి వారికి తెలిసిందల్లా, పిల్లలు మెడకు రుమాలు కట్టుకుని తిరుగుతారన్నంత వరకే. చేరిన వారంలోనే తాడు ముళ్ళ పాఠాలను టైపు చేసే పని వారి మీద పడింది. తాడు కొసను ఉచ్చులోంచి పైకి తెచ్చి, వెనకగా తిప్పి, మళ్ళీ కిందికి దింపాలని రాసి ఉన్న వాక్యాన్ని అర్థం కాకుండా టైపు చేయడానికి వారి మనసు ఒప్పుకోలేదు. చేతికి అందుబాటులో తాడు లేకపోవడంతో టెలిఫోను తీగనే తీసుకుని ముడి వేసి చూశారు. ముడి అద్భుతంగా కుదిరింది, విప్పడం మాత్రం పాఠంలో తరువాతి పుటలో ఉంది. తీగ పొట్టిదైపోయి, ఆ పూటంతా రాజధాని నుంచి వచ్చిన ఫోన్లన్నీ అప్పటి సంచాలకులు బల్లకు చెవి ఆనించి, వంగి మాట్లాడవలసి వచ్చింది.

"అమ్మాయ్, నీ ముడి బాగుంది గానీ నా నడుం విరిగిపోతోంది," అని ఆయన మొత్తుకుంటే, "ఇంకొక్క నిమిషం సార్, వస్తోంది," అంటూ వీరు బల్ల కిందే కూర్చున్నారట. ఆ ముడిని విప్పే పద్ధతి నేర్పడానికి వచ్చిన శిక్షకుడే ఆ తరువాత వారిని అడవి శిబిరానికి తీసుకెళ్ళాడు. టైపిస్టుగా వెళ్ళిన మనిషి రుమాలు కట్టుకుని తిరిగి వచ్చారు.

1995లో, సహాయ శిక్షకురాలి హోదాలో, వారు లా పియాంగ్వాలో దళాన్ని స్థాపించారు. పలకల దారుల మీద పరిగెత్తే పిల్లలను పోగుచేసి, తాడు, రుమాలు, ప్రతిజ్ఞ, పాట, ఈ నాలుగింటితోనే మొదలుపెట్టారు. మరుసటి వానాకాలంలో పలకల సందులోంచి జారి పోటు నీటిలో పడిన ఒక పసిపాపను, పెద్దలు కేకలు వేస్తూ నిలబడిపోయిన వేళ, దళంలోని ఇద్దరు ఆడపిల్లలు తాడుకు ఉచ్చు వేసి పైకి లాగారు. ఆనాటి నుంచి పేటలో ఫిదెలీనా గారికి హెఫా అన్న పేరు స్థిరపడింది. పిల్లలు తమ నాయకురాలిని పిలిచే ఆ పేరుతోనే తల్లులూ, తాతలూ, చివరకు తలుపు తట్టే అప్పులవాళ్ళు కూడా వారిని పిలవసాగారు.

ఆ తరువాతి కాలం గురించి రాయాలంటే చెయ్యి ఆడదు. పేట మధ్యలోని చెక్క వంతెనకు ఆ దరి ఒక ముఠాది, ఈ దరి మరొక ముఠాది అయింది. ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో తెలియని గీత ఒకటి వంతెన నడిమిన వెలిసింది. అది దాటి వెళ్ళి తిరిగి రాని వారున్నారు, వారి ఇళ్ళల్లో ఇప్పటికీ పళ్ళెం ఒకటి ఎక్కువే పెడతారు. దళంలో రెండు దరుల పిల్లలూ ఉన్నారు. పొరుగు పేటల దళాలు ఒక్కొక్కటే మూతపడుతుంటే, లా పియాంగ్వా దళం సంగతేమిటని ఎవరూ అడగకముందే ఫిదెలీనా గారు ఒక మార్గం కనిపెట్టారు. ఆటు వేళ నీరు తీసినప్పుడు వంతెన కింద బురద తేలుతుంది. బురద మీద గీత లేదు, దానికి కాపలా కాసే వారూ లేరు. అందుచేత ఆ దళం మిగతా దళాల మాదిరి గడియారాన్ని చూసి కలవదు. నీరు బాగా తీసే శనివారాలలో, తీసే గంటకు, ఆ దరి పిల్లలు బూట్లు మెడలో వేలాడేసుకుని ఇళ్ళ కింది స్తంభాల మధ్యగా నడిచి వస్తారు, మళ్ళీ నీరు పెరగకముందే తిరిగి వెళతారు. వారు వెళ్ళేదాకా ఫిదెలీనా గారు వంతెన కింద నిలబడి తలలు లెక్కపెడుతూనే ఉంటారు.

"నీ ముళ్ళు తూటాని ఆపుతాయా హెఫా?" అని ఒక తండ్రి ఎగతాళి చేసిన రోజున వారు కోపగించుకోలేదు.

"ఆపవయ్యా. మీవాడు రెండు గంటలు నా కళ్ళ ముందుంటాడు. ఆ దరి పిల్లాడి పేరేంటో, వాడికి ఏ పాట ఇష్టమో మీవాడికి తెలుస్తుంది. అంతకు మించి నా దగ్గర ఏం లేదు," అన్నారు.

తండ్రి వెళ్ళి, మరుసటి సమావేశానికి రెండో కొడుకును కూడా పంపాడు. లోకం ఇంత అల్లకల్లోలంగా ఉన్నప్పుడు పిల్లలకు ముళ్ళూ పాటలూ నేర్పడం దేనికని పెదవి విరిచే వారికి మన కార్యాలయం ఇన్నేళ్ళుగా నివేదికల మీద నివేదికలు రాసింది గానీ, ఆ తండ్రికి ఇచ్చిన సమాధానం కన్నా మంచిది ఏ నివేదికలోనూ లేదు.

ఇక 2021లో జరిగిన సంఘటన. అప్పటికి ప్రాంతీయ సంచాలకురాలైన ఫిదెలీనా గారు దానిని ఎవరికీ చెప్పలేదు. ఇటీవలే, అనుమతి దొరికిన మీదట, నోరు విప్పారు.

కేంద్ర కమిషనర్ దోన్ ఎర్నాన్ ఉర్దనేతా గారు కొత్త పిల్లల ప్రతిజ్ఞకు స్వయంగా వస్తామని కబురు చేశారు. చలి ప్రాంతపు పెద్దమనిషి, మంచివారు, సమయపాలనలో ఆయనకు ఆయనే సాటి. లా పియాంగ్వా దళం ఆటును బట్టి కలుస్తుందని విని ముచ్చటపడి, రాజధాని బొగొతాలో కూర్చుని తామే ఆటుపోట్ల పట్టిక తిరగేసి, శనివారం మూడు గంటలకు ఆటు అని చూసి ముహూర్తం పెట్టేశారు.

"దోన్ ఎర్నాన్, ఆ రోజు సగం చంద్రుడండీ. నీళ్ళు తియ్యవు," అన్నారు ఫిదెలీనా గారు ఫోనులో.

"అదేంటమ్మా, మూడింటికి ఆటని ఉంది! నేనే చూశాను."

"గంట సరిగ్గానే ఉందండీ. సగం చంద్రుడి రోజుల్లో ఆటు ఉన్నా లేనట్టే. వంతెన కింద నడుం లోతు ఉంటుంది."

"సముద్రానికి కూడా మనలాగే క్రమశిక్షణ ఉంటుందిలెండి," అని ఆయన హాయిగా నవ్వి ఫోను పెట్టేశారు. విమానం టిక్కెట్టు కొన్నారు, మేయరుగారి ప్రతినిధిని పిలిచారు. (ఈ సంగతిని ఇప్పుడు ఆయనే చెప్పుకుని చెంపలు వేసుకుంటున్నారు కనుక ఇక్కడ రాయడంలో అవినయం లేదు.)

శనివారం వచ్చింది. ఆటు వచ్చింది. నీరు మాత్రం కదలలేదు. ఈ దరిన చర్చి ఆవరణలో కుర్చీలు వేసి ఉన్నాయి, దోన్ ఎర్నాన్ గారు గడియారం చూసుకుంటున్నారు. పిల్లలను ఇవాళ రావద్దని చెప్పి పంపుదామని ఫిదెలీనా గారు వంతెన దగ్గరికి పరుగెత్తేసరికే ఆలస్యమైపోయింది. ఆ దరి పిల్లలు వంతెన మీదకు ఎక్కేశారు. వారి ముందర, సరిగ్గా నడిమిన, చొక్కాను ముఖానికి చుట్టుకున్న యువకుడొకడు దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. నడుం దగ్గర బట్ట ఎత్తుగా ఉంది.

ఫిదెలీనా గారు పిల్లలను వెనక్కి పిలవబోయారు. అంతలో పిల్లల వరసలోంచి జట్టు నాయకురాలు లూస్ దారీ కేక వేసింది.

"హెఫా! చొక్కాలు ఇస్త్రీ చేసుకొచ్చాం. నీళ్ళలో దిగమంటే మాత్రం దిగం!"

పన్నెండేళ్ళ పిల్ల. ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియక కాదు, తెలిసే అలా అరిచింది. ఆ గొంతులో వణుకు ఫిదెలీనా గారికి వినబడింది. దాంతో వారి కాళ్ళు వాటంతటవే పలకల మీదకు నడిచాయి.

"ఆగక్కడ. ఎవరు పంపారు?" అన్నాడు ముసుగు మనిషి.

"ఎవరూ పంపలేదు బాబూ. నా పిల్లల కోసం వచ్చాను."

"ఈ పక్క పిల్లలు నీ పిల్లలెట్లా అవుతారు?"

"సాయంత్రం దాకా నా పిల్లలే. సాయంత్రం నేనే తెచ్చి అప్పజెబుతాను. కావాలంటే నన్ను ఇక్కడే కూర్చోబెట్టుకో, వాళ్ళని పోనీ."

అతడు దారి వదలలేదు. ఏం చేయాలో తోచని ఆ క్షణంలో ఫిదెలీనా గారు, ఆలోచించి చేసిన పని కాదు, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ, చెయ్యి చాపారు. ఎడమ చెయ్యి. స్కౌట్లు ఒకరినొకరు పలకరించుకునేది ఎడమ చేత్తోనే. డాలు పట్టే చెయ్యి అది, దాన్ని ఇచ్చామంటే ఎదుటి మనిషిని నమ్మామని అర్థం అని పిల్లలకు మొదటి రోజునే చెబుతారు. ఊళ్ళో ఇంకెవరికి చాపినా ఎగాదిగా చూసి, కుడి చెయ్యి ఏమైందని అడుగుతారు.

అతడు అడగలేదు. అతడు కూడా ఆలోచించలేదు. అతడి ఎడమ చెయ్యి వచ్చి ఆ చేతిని అందుకుంది, చిటికెన వేలు పద్ధతి ప్రకారం ఎడంగా తెరుచుకుని.

ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడ్డారు. ముఖానికి ఎంత బట్ట చుట్టుకుంటేనేం, చెయ్యి చెప్పేసింది. ఆ బొటనవేలికి గోరు సగమే ఉంది. మొదటి శిబిరంలో గుడారపు మేకు కొడుతూ సుత్తి దెబ్బ వేసుకుంటే, కట్టు కట్టి, ఏడవకుండా పాట పాడించింది ఫిదెలీనా గారే. చేపల అంగడి దోన్యా సతూరియా గారి చిన్నకొడుకు. ఆ యువకుడి పేరు ఈ సంచికలో ఉండదు.

ముసుగు వేసుకున్నవాడిని గుర్తుపట్టడమంటే పేటలో ఏమిటో అందరికీ తెలుసు. గుర్తుపట్టిన వారు ఎక్కువ రోజులు ఉండరు. ఫిదెలీనా గారు చూపు దించుకుని, ఎన్నడూ ఎరగని పెద్దమనిషితో అన్నట్టు, "చాలా సంతోషమండీ," అన్నారు.

అతడు చెయ్యి వెనక్కి లాక్కుని పక్కకు తప్పుకున్నాడు. "వరసగా దాటండి. తోసుకోకండి," అన్నాడు. అది కూడా దళంలో నేర్చుకున్న మాటే.

ప్రతిజ్ఞ జరిగింది. దోన్ ఎర్నాన్ గారు పిల్లల క్రమశిక్షణను వేనోళ్ళ పొగిడారు. సాయంత్రం మళ్ళీ అదే వంతెన మీద పిల్లలను అప్పజెప్పి వచ్చాక, ఫిదెలీనా గారు ఇంటి గడప మీద కూలబడిపోయారు. ఆ తరువాత వారాల తరబడి కంటి మీద కునుకు లేదు. మోటారు సైకిలు వీధిలో ఆగితే ప్రాణాలు ఉగ్గబట్టుకునేవారు. దళానికి వెళ్ళడం మానేస్తే భయపడినట్టు తెలుస్తుంది, అంటే గుర్తుపట్టినట్టే తెలుస్తుంది. అందుకని వెళుతూనే ఉన్నారు. ఎప్పుడూ కొనే అంగడిలో చేపలు కొనడం మానేసినా అంతే కనుక, శుక్రవారం శుక్రవారం దోన్యా సతూరియా దగ్గరికీ వెళుతూనే ఉన్నారు.

అక్కడ మరొక దెబ్బ తగిలింది. సతూరియా గారి చిన్నకొడుకు ఊళ్ళో లేడన్న మాట ఆ నెలలోనే చెవిన పడింది. పారిపోయాడన్నారు కొందరు, సముద్రం అడుగున ఉన్నాడన్నారు మరికొందరు. అంతకుముందు ఫిదెలీనా గారు కనబడగానే, "రా పిల్లా, నీ స్కౌట్లకి ముళ్ళు తీసిన చేప కావాలా?" అని ఆటపట్టించే ఆ మనిషి, ఇప్పుడు చేప తూచి, ఆకులో చుట్టి, చేతిలో పెట్టి, తల తిప్పుకోవడం మొదలుపెట్టింది. మూడేళ్ళు అలాగే గడిచాయి. తన చేతి మూలంగానే ఆ తల్లి కొడుకును పోగొట్టుకుందనీ, ఆ సంగతి ఆమెకు తెలుసనీ ఫిదెలీనా గారు లోలోపల కుమిలిపోయారు. అడిగే ధైర్యం లేక నోరు మెదపలేదు.

ఈ ఫిబ్రవరిలో కేంద్రం మాట వచ్చాక, దళాన్ని నిలబెట్టే మనిషి కోసం వారు పేటలో ఎక్కని గడప లేదు. ఒకరికి రక్తపోటు, ఒకరికి మొగుడు ఒప్పుకోడు, ఒకరు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "హెఫా, నన్ను అడగొద్దు, నాకు చిన్నపిల్లలున్నారు," అన్నారు. ఎవరినీ తప్పు పట్టగలిగిన స్థితి కాదు. ఏప్రిల్ మూడో వారానికి వారు అడగడం మానేశారు. వీడ్కోలు విందులో మనవాళ్ళు కొబ్బరి అన్నం, రొయ్యల పులుసు, బొరోహో పండ్ల రసం వడ్డిస్తే వారికి ముద్ద దిగలేదు. పక్కన కూర్చున్న దోన్ ఎర్నాన్ గారు గిన్నెలన్నీ వారి వైపు జరుపుతూనే ఉన్నారు.

అప్పుడు తలుపు దగ్గర చేపల వాసన వచ్చింది. తడి ఏప్రన్‌తో, అంగడి మీంచి నేరుగా, దోన్యా సతూరియా గారు వచ్చి నిలబడ్డారు.

"ఏం పిల్లా, మూడేళ్ళుగా నా చేపలు తింటున్నావు. మీ వాడేడని ఒక్కరోజన్నా అడిగావా?"

ఫిదెలీనా గారు లేచి నిలబడ్డారు. "భయమేసింది దోన్యా."

"నాకు మాత్రం వెయ్యలేదా? ఆ రోజు ఇంటికొచ్చి గోడకి తల కొట్టుకున్నాడు. 'అమ్మా, హెఫా నన్ను పోల్చేసింది. పైవాళ్ళకి తెలిస్తే ఆవిడ పని చూడమంటారు. నన్నే చూడమంటారు. నా వల్ల కాదు,' అన్నాడు. పొద్దున్నే దక్షిణం పోయే పడవెక్కాడు. పడవలు బాగుచేసే చోట పనిలో ఉన్నాడిప్పుడు. బతికే ఉన్నాడు."

"మరి నాకు చెప్పలేదేం! నేను మూడేళ్ళు..."

"చెప్తే నువ్వు దాచగలవా? నీ మొహానికి మూత లేదు. నిన్ను చూసి నవ్వితే నువ్వు నవ్వుతావు, నువ్వు నవ్వితే పక్కవాళ్ళు చూస్తారు. అందుకే తల తిప్పుకున్నాను. ఇప్పుడా ముఠా లేదు. కొత్తవాళ్ళొచ్చారు, వీళ్ళకి మావాడెవడో తెలీదు." ఆమె ఏప్రన్ అంచుతో ముఖం తుడుచుకుంది. "దళం మూసేస్తారట కదా? నన్ను పెట్టు."

ముందుగా తేరుకున్నవారు ఫిదెలీనా గారే. "దోన్యా, ప్రమాదం. మీకు తెలుసు కదా. పైగా ముళ్ళు, పాటలు, ప్రతిజ్ఞ, ఇవన్నీ..."

"వలలు అల్లి పిల్లల్ని పెంచాను, నాకు ముళ్ళు రావంటావా? పాటలు నువ్వు నేర్పు. ప్రమాదం నాకు కొత్తగా చెప్పకు."

దోన్ ఎర్నాన్ గారు ఆనందం పట్టలేక లేచి, మర్యాదగా కుడి చెయ్యి చాపారు. సతూరియా గారు ఆ చేతిని చూసి తల అడ్డంగా ఊపారు. పొలుసులు అంటిన ఎడమ చేతిని చాపారు.

"ఇది కదా మీ మర్యాద? పడవెక్కేటప్పుడు మావాడు నాకు ఈ చెయ్యే ఇచ్చాడు. కన్నతల్లికి ఎడం చెయ్యి ఇస్తావేంట్రా అని తిట్టాను. ఆ తిట్టుతోనే పంపాను వాణ్ణి. అదేంటో లూస్ దారీ చెప్పేదాకా నాకు తెలీదు."

ఆ చేతిని దోన్ ఎర్నాన్ గారి కన్నా ముందు ఫిదెలీనా గారు అందుకున్నారు. తన పేరు ఈ సంచికలో రాయాలని పట్టుబట్టింది సతూరియా గారే. కొడుకు పేరు మాత్రం వద్దన్నారు.

కథ సుఖాంతమైందని రాయడానికి మనకు ధైర్యం చాలదు. కొత్తగా వచ్చినవారు ఎలాంటివారో ఎవరికీ తెలియదు. మే నెల మొదటి సమావేశం నాటికి సగం చంద్రుడే, నీరు తీయదు, అయినా పిల్లలు ఆగేట్టు లేరు, వంతెన మీదుగానే వస్తారట. వంతెనకు ఆ దరిన సతూరియా గారు నిలబడతారు. ఈ దరిన ఎవరన్న ప్రశ్న మన కార్యాలయ సమావేశంలో రాగానే, పదవీ విరమణ చేసిన మనిషికి శనివారాలు ఖాళీయే కదా అని ఫిదెలీనా గారు అన్నారు. ఆ ముఖంలో దిగులు పోలేదు, కానీ విందులో మిగిలిన కొబ్బరి అన్నం పొట్లం కట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళారు.

మాన్య సహోద్యోగిని శ్రీమతి ఫిదెలీనా సినిస్తెర్రా గారికి భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, దీర్ఘాయువునూ, రాత్రిపూట నిశ్చింతమైన నిద్రనూ ప్రసాదించుగాక. ఆ వంతెన మీద సాయంత్రం వారు లెక్కపెట్టే తలలు, పిల్లలు వచ్చేటప్పుడు లెక్కపెట్టినన్నీ ఉండుగాక. దక్షిణాన పడవల దగ్గర పనిచేస్తున్న ఒక ఎడమ చెయ్యి ఏదో ఒక రోజున ఇంటి తలుపు తడితే, తల్లి ఈసారి తిట్టకుండా అందుకొనుగాక.